రాడార్ మీద కురవని వాన

ఆఫీసులో అందరూ ఆమెను గళ్ళమ్మ అనేవారు. తొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్న పని గళ్ళు నింపడమే మరి. దేశంలో ఎవరు రేడియో తరంగాలు వాడుకోవాలన్నా, విమానాలవాళ్ళైనా, పోలీసులైనా, ఫోన్ కంపెనీలైనా, ముందుగా ఆ ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ ఊళ్ళో, ఎంత ఎత్తున, ఎంత బలంతో, ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడతారో అందులో రాయాలి. ఆ దరఖాస్తు గళ్ళమ్మ బల్ల మీదికి వచ్చేది. ఆమె వెనక గోడంతా పరుచుకున్న రంగురంగుల పట్టికలో వేలు పెట్టి, ఇటు పక్కవాడికి గానీ అటు పక్కవాడికి గానీ ఇబ్బంది రాని గడి ఏదో వెతికి, అందులో ఆ దరఖాస్తుదారుణ్ణి కూర్చోబెట్టేది.

"ఇంతకీ మీ ఆఫీసులో ఏం చేస్తారే?" అని వాళ్ళమ్మ ఏడాదికోసారైనా అడిగేది.

"గాలిలో ఎవరి జాగా ఎంతో రాసిస్తామమ్మా."

"నేల మీద తగాదాలు చాలక గాలికి కూడా సరిహద్దులా!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకునేది.

నిజానికి ఆ సరిహద్దులు గళ్ళమ్మ కూడా ఎప్పుడూ కళ్ళారా చూడలేదు. కాగితం మీద చూడటమే. బయట తిరిగి దొంగ సిగ్నళ్ళను పట్టుకునే పని వేరేవాళ్ళది. ఆ విభాగపు ఇన్‌స్పెక్టర్ సెలవు పెట్టిన వారమే వాతావరణ కేంద్రం నుంచి ఫిర్యాదు వచ్చింది కాబట్టి పెద్దాఫీసరు ఆమెను పిలిచి, "ఈ ఒక్కసారికి బాబాయ్‌తో నువ్వెళ్ళిరా," అన్నాడు.

బాబాయ్ అంటే పర్యవేక్షణ వ్యాన్‌లో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న టెక్నీషియన్. ఆయన ఎవరికీ వరసకు బాబాయ్ కాడు. పెద్దాఫీసరుతో సహా అందరికీ బాబాయే. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక్క నిమిషం వింటే చాలు, వచ్చే చప్పుడు వెల్డింగ్ మెషీన్‌దో, పాడైన ట్యూబులైటుదో, పర్మిట్ లేని వాకీటాకీదో చెప్పెయ్యగలడని పేరు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వ్యాన్‌లో కొండెక్కారు. కొండ మీద రాడార్‌ను కప్పిన తెల్లటి గుమ్మటం, దాని పక్కనే చిన్న గది. ఆ గదిలో రాడార్ చూసుకునే అధికారిణి, అందరికీ రాడార్ మేడమ్, వీళ్ళ కోసం ఎదురుచూస్తోంది. పొట్టి మనిషి. మాట మాత్రం ఖంగుమంటుంది.

"రండి, మా కురవని వాన చూద్దురుగాని," అంటూ తెర ముందుకు తీసుకెళ్ళింది.

గుండ్రటి పటం. మధ్యలో ఈ కొండ. చుట్టూ నాలుగు జిల్లాల మేర నేల. ఒక మూల రెండు చిన్న మబ్బులు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. అది కాక, కొండ దగ్గర మొదలై పటం అంచు దాకా, తూర్పు దిక్కుగా, స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత. పోనుపోను కాస్త వెడల్పవుతోంది.

"ఇది వాన కాదు," అన్నది రాడార్ మేడమ్. "ఏ వానా గీత గీసినట్టు కురవదు. ఆ గీత కింద ఊళ్ళవాళ్ళకి ఫోన్ చేసి అడిగాను. ఎండ మాడిపోతోందన్నారు."

"ఎన్ని రోజుల్నుంచి?" గళ్ళమ్మ అడిగింది.

"పదకొండు రోజులు. అంతా రాసిపెట్టాను." నోటుబుక్కు ముందుకు తోసింది. "పొద్దున ఎనిమిదిన్నరకు లావెక్కుతుంది. ఒంటిగంటకు సన్నబడిపోతుంది, దారంలాగా. రెండు కొట్టేసరికి మళ్ళీ లావు. సాయంత్రం ఏడు దాకా అంతే."

బాబాయ్ చిన్నగా నవ్వాడు. "భోజనాల వేళకు ఆపుతున్నారంటే ఆఫీసో ఫ్యాక్టరీయో అయ్యుంటుంది. చాలా పద్ధతైన దొంగలు."

"నేనూ అదే అనుకున్నాను. కానీ ఆదివారం చూడండి."

ఆదివారాల పేజీలో గీత అన్ని రోజుల కన్నా లావుగా ఉన్నట్టు రాసి ఉంది. ఏ ఆఫీసు ఆదివారం రెట్టింపు పని చేస్తుంది? గళ్ళమ్మ ఆ పేజీని రెండుసార్లు తిరగేసింది. తొమ్మిదేళ్ళలో తను కూర్చోబెట్టిన వందలాది దరఖాస్తుదారులు వారానికి ఏడు రోజులూ ఏం మాట్లాడుకుంటారో, ఎప్పుడు మాట్లాడుకుంటారో తనెన్నడూ ఆలోచించలేదని ఆమెకు తట్టింది.

"మీకిది వింతగా ఉంది. నాకు భయంగా ఉంది," అన్నది రాడార్ మేడమ్, గొంతు కొంచెం తగ్గించి. "ఈ రాడార్ ఏం చేస్తుందనుకున్నారు? ఒక్క కేక పెట్టి, చెవి ఒగ్గి వింటుంది. ఎక్కడో వంద కిలోమీటర్ల అవతల చినుకులకు తగిలి వెనక్కొచ్చే చప్పుడు ఎంత ఉంటుంది? ఉందా లేదా అన్నట్టుంటుంది. ఆ పక్కనే ఎవడో చెవిలో అరుస్తుంటే ఏం వినపడుతుంది? మొన్న బుధవారం సరిగ్గా ఆ గీత వెనకే వడగళ్ళ మబ్బు వచ్చింది. మాకు కనపడలేదు. రిజర్వాయరులో లాంచీ సగం దూరం వెళ్ళాక మీద పడింది. నలభైమంది ఉన్నారు. డ్రైవర్ గట్టివాడు కాబట్టి ఒడ్డుకు చేర్చాడు. కొంతమందికి తలలు పగిలాయి. అంతటితో పోయింది."

గళ్ళమ్మ ఆ గీత పోయే దిక్కును కాగితం మీద రాసుకుంది.

రాడార్ గీత దిక్కు చెబుతుంది గానీ దూరం చెప్పదు. పటం మీద చూస్తే అది కొండ దిగి, నాలుగు కిలోమీటర్ల రిజర్వాయరు దాటి, అవతలి ఒడ్డున ఉన్న పట్టణం నెత్తి మీదుగా పోయి, పొలాల్లో కలుస్తోంది. మధ్యాహ్నానికి వ్యాన్ ఆ పట్టణం వీధుల్లో తిరుగుతోంది. బాబాయ్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఏమీ లేదు. ఆరు వీధులు తిరిగారు. ఊహూఁ.

"చిత్రంగా ఉందమ్మాయ్," అన్నాడాయన. "కొండ మీద అంత గోల. ఇక్కడ పిల్లి నడిచినంత చప్పుడు కూడా లేదు."

గళ్ళమ్మ వ్యాన్ దిగి, మెడ వెనక్కి వంచి, మేడల మధ్య కనిపించే ఆకాశం ముక్కను చూసింది. ఆమెకు బల్ల దగ్గర అలవాటైన ఆలోచన ఇక్కడ మరో రూపంలో వచ్చింది.

"బాబాయ్, ఇది డిష్‌తో పంపే సిగ్నలేమో. టార్చిలైటులాగా ఒక్క వైపే వెళ్తుంది కదా. అది మన నెత్తి మీంచి పోతూ ఉంటే వీధిలో మనకేం వినపడుతుంది?"

"అవును. అయితే?"

"ఎక్కడ నిలబడితే ఆ గుమ్మటం కనిపిస్తుందో అక్కడ వెతకాలి. మనకది కనిపించిన చోటే దానికి మనమూ కనిపిస్తాం."

బాబాయ్ హెడ్‌ఫోన్లు తీసి ఆమె వంక ఎగాదిగా చూశాడు. "ఇన్నాళ్ళూ నిన్ను కుర్చీకి కట్టేసి కూర్చోబెట్టారే!" అన్నాడు.

వీధుల్లోంచి గుమ్మటం ఎక్కడా కనబడలేదు. కరకట్ట రోడ్డు పొడుగునా ఉన్న మేడల మీంచి మాత్రమే కనిపిస్తుంది. చేతిలో పట్టుకునే యాంటెన్నా, దానికి తగిలించిన సిగ్నల్ పెట్టె తీసుకుని ఒక్కో మేడ అడిగి ఎక్కారు. మొదటిది బట్టల దుకాణం. రెండోది డాక్టరుగారి ఇల్లు. మూడోదాంట్లో ఒక పెద్దాయన "పన్నులవాళ్ళా?" అని తలుపు సగమే తీశాడు. నాలుగో మేడ ఎక్కేసరికి బాబాయ్ మోకాళ్ళు పట్టుకున్నాడు. ఐదోదాని మెట్లు ఇంకా నాలుగుండగానే ఆయన చేతిలోని పెట్టె చిటచిటమంది.

నీళ్ళట్యాంకు పక్కన ఇనప గొట్టానికి భోజనం పళ్ళెమంత డిష్ ఒకటి బిగించి ఉంది. సూటిగా నీళ్ళ మీంచి కొండ వైపు చూస్తోంది. దాని వైరు గోడ వెంట దిగి, రెండో అంతస్తు కిటికీలోకి పోయింది.

కిందికి వెళ్ళి బెల్లు కొట్టారు. బెల్లు మోగలేదు. తలుపు సందులోంచి లోపల ఒక ఎర్ర దీపం వెలిగి ఆరడం కనిపించింది. కాసేపటికి గడియకు కట్టిన తాడు దానంతటదే కదిలింది. తలుపు తెరుచుకుంది.

గది నిండా బట్ట తానులు. కుట్టుమిషన్ను గోడవారకు జరిపారు. మధ్యలో కుర్చీలో యాభై దాటిన ఒకావిడ కూర్చుని ఉంది. కుడికాలికి మోకాలి దాకా కట్టు, ఆ కాలు స్టూలు మీద. చేతిలో తలుపు తాడు. ఆవిడకెదురుగా బల్ల మీద తెర. తెరలో అచ్చం ఆవిడ పోలికలే ఉన్న ఇంకో ఆవిడ, చేతులు గాల్లో ఆపి, ఎవరొచ్చారన్నట్టు మెడ చాచి చూస్తోంది.

కుర్చీలో ఆవిడ తన చెవిని చూపించి, తల అడ్డంగా ఊపింది. నోటిని చూపించి మళ్ళీ ఊపింది. తరవాత ఒళ్ళో ఉన్న నీలం పరదా గుడ్డను తొడ మీద సాపు చేసి, కుట్టుపని సుద్దముక్క తీసి రాసింది: "చెప్పండి."

గళ్ళమ్మ సంచిలోంచి కాగితం తీసి రాసింది. "మేం స్పెక్ట్రమ్ ఆఫీసు నుంచి వచ్చాం. పైన డిష్ మీదేనా?"

"మా మరిది పెట్టాడు. తెరలో ఉన్నది నా చెల్లి, అతని భార్య. కొండ కింద ఉంటుంది. ఏమైంది?"

"మీ సిగ్నల్ వాతావరణ రాడార్‌కు అడ్డం వస్తోంది."

అక్క ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "మేం మాట్లాడుకుంటేనా?"

"అవును."

"గట్టిగానా?"

గళ్ళమ్మ కలం ఒక్క క్షణం ఆగింది. "చాలా గట్టిగా," అని రాసింది.

అక్క నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు ఊగిపోయాయి. తెర వైపు తిరిగి వేళ్ళతో గబగబా ఏదో చెప్పింది. తెరలో చెల్లెలు రెండు చేతులతో నోరు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలిపోయింది. గుడ్డ మీద అక్క పెద్దపెద్ద అక్షరాలతో రాసింది: "పుట్టి బుద్ధెరిగాక మమ్మల్ని మెల్లగా మాట్లాడమన్నది మీరొక్కరే."

బాబాయ్‌కి నవ్వాగలేదు. చెల్లెలు ఏదో అంది. అక్క మూతి ముడిచి, దాన్ని కూడా రాసి చూపించింది. "అక్క నోరు పెద్దదని నేనెప్పుడో చెప్పాను, అంటోంది."

గళ్ళమ్మ అడగకుండా ఉండలేకపోయింది. "ఒంటిగంటకు ఎందుకు ఆపేస్తారు?"

అక్క ఆమెను జాలిగా చూసింది. "భోజనం చేస్తూ ఎలా మాట్లాడతాం? ఉన్నవి రెండు చేతులేగా."

తరవాత మిగతాదంతా ఒక్కొక్క ముక్కగా గుడ్డ మీద తేలింది. చెల్లెలు గుడ్డ కత్తిరిస్తుంది, అక్క కుడుతుంది. ఇరవై ఏళ్ళుగా చెల్లెలు రోజూ లాంచీలో వచ్చి ఇక్కడే కూర్చునేది. రెండు వారాల కిందట అక్క మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. దాంతో కుట్టుపని సగం ఆగిపోయింది. చెల్లెలికి లాంచీలో తిరగడం దండగైంది. ఇక ఇంటి దగ్గరే చిన్న పనులు చేసుకోవలసి వచ్చింది. ఫోన్‌లో ఈ ఒడ్డున బొమ్మ సరిగ్గా రాదు. అప్పుడు మరిది ఎక్కడినుంచో రెండు పాత డిష్‌లు కొనుక్కొచ్చి ఇక్కడొకటి, అక్కడొకటి బిగించాడు. ఆదివారం పనుండదు కాబట్టి ఆ రోజంతా మాటలే.

చెల్లెలు కబురంపితే గంటన్నరకు మరిది లాంచీలో వచ్చాడు. ఇళ్ళలో టైల్స్ పరిచే మేస్త్రి. మోచేతుల దాకా తెల్లటి సిమెంటు మరకలు. ఎడమ కనుబొమ మీద పట్టీ.

"ఏం తప్పు చేశానండీ?" మెట్ల దగ్గరే మొదలుపెట్టాడు. "ఖాళీగా ఉంటేనే పెట్టాను మేడమ్! ముందు మామూలు చానెల్లోనే పెట్టాను. అందులో ఊరంతా ఉంది. వదిన చెయ్యి పైకెత్తుతుంది, బొమ్మ అక్కడే ఆగిపోతుంది. 'రా' అందో 'రావద్దు' అందో మా ఆవిడకి అర్థంకాదు. ఇద్దరూ పోట్లాడుకున్నారు కూడా. కొట్టువాడినడిగితే, సెట్టింగులో దేశం పేరు మార్చెయ్, అన్ని చానెళ్ళూ తెరుచుకుంటాయన్నాడు. మార్చాను. చూస్తే ఒక చోట ఎవరూ లేరు. ఈగ కూడా లేదు. ఇంత ఖాళీ జాగా ఎందుకు వదిలేశారో అనుకున్నాను."

"వదిలెయ్యలేదయ్యా," అన్నాడు బాబాయ్. "అక్కడ అందరూ నోరు మూసుకుని ఉన్నారు. రాడార్‌కి వినపడాలని."

గళ్ళమ్మ సంచిలోంచి పట్టిక మడత విప్పి బల్ల మీద పరిచింది. మేస్త్రి వంగి చూశాడు. అక్క కూడా కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఈ ఆకుపచ్చ గడి రాడార్‌ది. ఇళ్ళలో వాడే పెట్టెలు ఇక్కడికొస్తే ముందు వినాలి. రాడార్ చప్పుడు వినపడగానే లేచి వెళ్ళిపోవాలి. ఆ బుద్ధి పెట్టెలోనే పెట్టి అమ్ముతారు. మీరు దేశం పేరు మార్చినప్పుడు ఆ బుద్ధి కాస్తా పోయింది."

"పోతే పోయింది, ఒక గీతేగా మేడమ్? దానికింత గొడవా?"

గళ్ళమ్మ బుధవారం సంగతి చెప్పింది. గీత వెనక దాక్కున్న మబ్బు, వడగళ్ళు, సగం దూరంలో లాంచీ. చెబుతుండగానే అతని చెయ్యి కనుబొమ మీది పట్టీ మీదికి వెళ్ళడం చూసి ఆగిపోయింది.

"నేను అందులోనే ఉన్నాను," అన్నాడు మేస్త్రి.

అతను కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ చెప్పాడు.

"పక్కన ఒకామె చంటిదాన్ని బెంచీ కింద దాచి మీద పడుకుంది. నేను నా టైల్స్ పెట్టె మూత తీసి వాళ్ళకి అడ్డం పట్టాను. ఒడ్డుకొచ్చాక రేవులో నిలబడి రాడారోళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాను. జీతాలు తీసుకుని నిద్రపోతున్నారా అని." అతను కుర్చీ కోసం చూసి, దొరక్క, గుడ్డ తాను మీదే కూర్చున్నాడు. "నేనే వాళ్ళ కళ్ళకి గంతలు కట్టి, చూడలేదేమని తిట్టానన్నమాట."

అక్క అతని భుజం తట్టి, ఏమిటని సైగ చేసింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఊరుకోలేదు. సుద్దముక్కతో బల్ల మీద టకటకా కొట్టింది. అప్పుడు చేతులతో చెప్పాడు, మెల్లగా, కళ్ళెత్తకుండా. తెరలో చెల్లెలు కూడా చూస్తోంది. దెబ్బ తగిలిన రోజున ఇంటికొచ్చి ఏం చెప్పాడో ఏమో, మధ్యలో ఆవిడ ఒక్కసారిగా లేచి నిలబడింది.

గళ్ళమ్మ మనసులో మాటలు పేర్చుకుంటోంది. ఆపొద్దని బతిమాలతారు, నిబంధన చదివి వినిపించాలి, కాదు, రాసి చూపించాలి. ఆ అవసరం రాలేదు. అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు కాసేపు చూసుకున్నారు. అక్క గుడ్డ మీద మూలకు ఒకే మాట రాసింది. "ఆపండి."

"ఐదు నిమిషాలు తీసుకోండి," అని గళ్ళమ్మే రాసిచ్చింది. బాబాయ్‌నీ మేస్త్రినీ తీసుకుని వరండాలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. వినపడే మాటలేవీ లేవు కదా అని అటు చూడబోయి, చూడటమే వినడమని గుర్తొచ్చి మొహం తిప్పుకుంది.

మేస్త్రి తన చేత్తోనే వైరు పీకాడు. బాబాయ్ కొండ మీదికి ఫోన్ చేశాడు.

"పోయింది!" అన్నది రాడార్ మేడమ్. "ఆగండాగండి... అక్కడొక చిన్న మబ్బుంది. ఎంతసేపట్నుంచి ఉందో పాపం."

మొదటిసారి చేసిన తప్పు, చెప్పగానే ఆపేశారు కాబట్టి చట్టప్రకారం హెచ్చరిక కాగితంతో సరిపోయింది. మేస్త్రి సంతకం పెట్టాడు. దేశం పేరు మార్చుకొమ్మని సలహా ఇచ్చిన కొట్టువాడికి నోటీసు వెళ్ళింది. అతని కొట్టులో అలాంటి పెట్టెలు ఇంకా ఇరవైరెండు దొరికాయి. పెద్దాఫీసరు గళ్ళమ్మను మెచ్చుకుని, ఫైలు మూసెయ్యమన్నాడు.

ఆమె ఫైలు మూసింది గానీ బల్ల దగ్గర కుదురుగా కూర్చోలేకపోయింది. సాయంత్రం వ్యాన్ షెడ్డుకు వెళ్ళింది. బాబాయ్ వైర్లు చుట్టుకుంటున్నాడు.

"బాబాయ్, ఆపించడం మీ విభాగం పని. చోటు చూపించడం నా పని. నేను సగం పనే చేసి వచ్చాను."

"వాళ్ళు దరఖాస్తు పెట్టలేదుగా?"

"గుడ్డ మీద రాశారుగా."

శనివారం ఇద్దరూ సొంత పని మీద వెళ్ళినట్టు అక్కడికి వెళ్ళారు. లైసెన్స్ అక్కర్లేకుండా ఎవరైనా వాడుకోగలిగిన బ్యాండ్ ఒకటుంది. మేస్త్రి మొదట పెట్టింది అందులోనే. మేడ మీద బాబాయ్ పెట్టె తెర చూపించాడు. ఇంటర్నెట్ కంపెనీవాడు, రెండు హోటళ్ళు, ఒక కాలేజీ, పేరు తెలియనివాళ్ళు ఇంకో పదిమంది. ఎక్కడా సందు లేదు. గళ్ళమ్మ దాని ముందు గొంతుక్కూచుని గంటసేపు కదల్లేదు. ఒక అంచున సన్నటి సందుంది. మామూలు చానెల్ వెడల్పులో సగం కన్నా తక్కువ.

"ఇందులో బొమ్మ పడుతుందా?" మేస్త్రి అడిగాడు.

"మీ వదినకి కావలసింది అందమైన బొమ్మా, ఆగని బొమ్మా?"

మేస్త్రి కిందికి పరిగెత్తి అడిగొచ్చాడు. "మొహం కనపడకపోయినా ఫరవాలేదంట. వేళ్ళు ఆగకూడదంట."

బాబాయ్ ఇంకో ఉపాయం చెప్పాడు. ఈ ఊళ్ళో అందరి తరంగాలూ నిటారుగా నిలబడి వెళుతున్నాయి. డిష్‌ను పావువంతు తిప్పితే వీళ్ళవి పడుకుని వెళతాయి. నిలబడినవాళ్ళకీ పడుకున్నవాళ్ళకీ గొడవలు తక్కువ. కాకపోతే రెండు ఒడ్డుల డిష్‌లూ వెంట్రుకవాసి తేడా లేకుండా తిరగాలి. అక్కడే తన ముప్పై ఏళ్ళ అనుభవం కూడా తడబడుతుందన్నాడు.

మేస్త్రి సంచిలోంచి టైల్స్ పరిచేటప్పుడు వాడే లెవెల్ తీశాడు. గాజు గొట్టంలో బుడగ. డిష్ వెనక అంచుకు ఆనించి, ఊపిరి బిగబట్టి, మరను తిప్పాడు. బుడగ రెండు గీతల మధ్యకు వచ్చి నిలిచింది. తరవాత లాంచీ ఎక్కి అవతలికి వెళ్ళి, ఆ ఒడ్డున అదే పని చేశాడు. గుమ్మటం వైపు పోయే సిగ్నల్ బలం కూడా బాబాయ్ పావు వంతుకు తగ్గించాడు.

తెర వెలిగింది. బొమ్మ చిన్నది. రంగులు వెలిసిపోయినట్టున్నాయి. చెల్లెలు వేళ్ళు మడుస్తూ ఒకటి నుంచి గబగబా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అక్క కళ్ళార్పకుండా చూసింది. యాభై దాకా వెళ్ళాక చెయ్యెత్తి ఆపింది. తరవాత ఏదో అడిగింది. చెల్లెలు కాదంది. అక్క మళ్ళీ అంది, చేతులు విసురుగా ఆడిస్తూ. చెల్లెలు రెండింతల విసురుతో జవాబిచ్చింది.

"ఏమైంది?" గళ్ళమ్మ కంగారుపడి రాసింది.

అక్క తెర మీంచి చూపు తిప్పకుండానే సుద్దతో గీకింది. "పోట్లాడుకుంటున్నాం. బాగా వస్తోంది."

కొండ మీద ఏమీ కనపడలేదని రాడార్ మేడమ్ చెప్పింది. మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు.

ఆ శనివారం వెళ్ళేముందే గళ్ళమ్మ అక్కకు ఒక విషయం వివరంగా రాసిచ్చింది. ఆ బ్యాండ్‌లో ఎవరికీ హక్కు లేదు. రేపు పక్కింటివాడు అక్కడే ఇంకో పెట్టె పెట్టుకున్నా ఆఫీసు ఏమీ అనలేదు. సర్దుకోవాల్సిందే.

అక్క తల ఊపింది. "రిజర్వేషన్ లేని పెట్టెలో ప్రయాణం," అని రాసింది.

నెల తిరిగింది. అక్క కాలికట్టు విప్పారని మేస్త్రి ఫోన్‌లో చెప్పాడు. చెల్లెలు మళ్ళీ లాంచీ ఎక్కుతోంది గానీ రోజు మార్చి రోజే. ఇంటి దగ్గరుండి మాట్లాడుకుంటూ కత్తిరిస్తే పని ఎక్కువ సాగుతోందట.

ఆ తరవాతి సోమవారం టపాలో గళ్ళమ్మ పేరున ఒక కవరు వచ్చింది. లోపల దర్జీలు కొలతలు రాసుకునే నోటుబుక్కు పేజీలు ఆరు. పైన "ఫిర్యాదు" అని ఉంది. కింద, ఛాతీ, నడుము, పొడవు అని అచ్చేసిన గళ్ళను కొట్టేసి, తేదీ, మొదలు, ఆఖరు అని రాసింది అక్క. పదిహేడు రోజులుగా సాయంత్రం బొమ్మ ఆగిన ప్రతిసారీ ఎన్ని సెకన్లు ఆగిందో, అప్పుడు ఏ మాట మధ్యలో తెగిందో వరసగా ఉంది. వాన పడ్డ రోజుల పక్కన చుక్క పెట్టింది. ఆ రోజుల్లో ఒక్కసారి కూడా ఆగలేదు. ఆఖరున ఇలా రాసింది: "హక్కు లేదని తెలుసు. అయినా ఎవరో తెలుసుకోవాలనుంది. వాళ్ళు వానకి ఎందుకు లోపలికి వెళతారు?"

బాబాయ్ కళ్ళజోడు పైకి తోసుకుని ఆరు పేజీలూ చదివాడు. "మన ఇన్‌స్పెక్టర్ పదేళ్ళ సర్వీసులో ఇంత శుభ్రంగా ఒక్క రిపోర్టు రాయలేదు," అన్నాడు. "అయినా నిబంధన ప్రకారం మనం వెళ్ళక్కర్లేదు."

"అక్కర్లేదు," అన్నది గళ్ళమ్మ. అప్పటికే ఆమె ఆ పేజీల పక్కన ఊరి పటం పరిచి, వానకు లోపలికి వెళ్ళేవి ఏమేముంటాయో ఒక కాగితం మీద రాస్తోంది. గాలిపటాలు. తోపుడు బండ్లు. కాలేజీ మైదానంలో ఆటలు తీసే వైర్‌లెస్ కెమెరా. అక్కడ ఆగి, ఆ మూడోదాని కింద గీత గీసింది.

"వానలేని రోజు చూసి వెళ్దాం బాబాయ్," అన్నది. ఫోన్ తీసి, ఈ వారంలో ఏ సాయంత్రం పొడిగా ఉంటుందో కనుక్కోవడానికి రాడార్ మేడమ్ నంబరు నొక్కింది.